రెండు బండల మధ్య గీత

ఆయన తనంతట తాను నా జాగలోకి రాలేదు. నేను పిలిస్తే వచ్చాడు.

ఈ మాట ఆ రోజు జైలు బారకులో ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. నేను అనలేదు. తర్వాత కూడా ఎక్కడా అనలేదు. పైగా ఆ సంగతిని తలకిందులు చేసి, ఫ్యాక్టరీ క్యాంటీన్లలో, కల్లు కాంపౌండ్లలో, దావతుల్లో నలుగురూ నవ్వేలా చెప్పుకుంటూ వచ్చాను. నన్ను ఎరిగినవాళ్ళు చాలామంది ఆ కథ విన్నారు. వాళ్ళు విన్నది తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జైలు అనగానే జనం జాలి మొహం పెడతారు. అందుకని ఇప్పటి సంగతి ముందే చెప్పేస్తాను. నేను బాగున్నాను. పాశమైలారం రోడ్డు మీద నాకు చిన్న షెడ్డు ఉంది. చుట్టుపక్కల కంపెనీల్లో పంపు కారడం మొదలుపెడితే విప్పి నా దగ్గరికి తెస్తారు. బొంతపల్లి వైపు చిన్న ప్లాటులో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. మేమంటే నేనూ, చాలా ఏళ్ళుగా నాతో ఉంటున్న మనిషీ. అతను ఒడిశా నుంచి బాయిలర్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను అతన్ని మావాడు అంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. మేమిద్దరం ఒకరికొకరం ఏమవుతామని మొదట్లో వీధిలో అడిగేవాళ్ళు. తర్వాత మానేశారు. బోనాల రోజున పక్కింటి అవ్వ వేటకూర పంచేటప్పుడు మా ఇద్దరికీ కలిపి ఒకే ఇంటి వాటా పంపుతుంది. మాకు అంతకంటే ఏం కావాలి?

ఆ ఇల్లు కడుతున్నప్పుడే పాత సంగతి బయటపడింది. గోడలు లేచాయి, గిలాబు పూత కూడా అయింది. మేస్త్రీ వచ్చి అడిగాడు.

"సార్, కింద టైల్స్ ఏద్దామా, షాబాదు బండలు ఏద్దామా?"

మావాడు వెంటనే అందుకున్నాడు. "షాబాద్, షాబాద్. ఎండాకాలం ఠండా ఉంటది. టైల్ మీద కాలు జారితే మన ఉమర్‌కి హడ్డీ పోతది."

"టైల్సే" అన్నాను.

"ఎందుకు యార్? బండ సస్తా కూడా, పైసలు తక్కువ."

"టైల్సే అంటున్న గదా."

మేస్త్రీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరు మీరు మాట్లాడుకోని చెప్పుండ్రి సార్. మొగుడు పెండ్లాం ఉన్న ఇండ్లల్ల గూడ గింత పంచాయితి కాదు."

మావాడు నవ్వు ఆపుకోలేక ఇసుక కుప్ప వెనక్కి వెళ్ళాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం టీ గ్లాసు చేతికిచ్చి, "బండ నీకు ఏం చేసింది?" అని అడిగాడు. చెప్పాను. వరసగా, ఏదీ దాచకుండా చెప్పడం అదే మొదటిసారి.

నేను ఏ జైల్లో ఉన్నానో రాయను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పని. పనిలోంచి తీసేసినవాళ్ళ కోసం గేటు ముందు ధర్నా చేశాం. మాటా మాటా పెరిగి మేనేజరు కారు అద్దాలు పగిలాయి. రాయి వేశావా అంటే వేశాను, తగిలిందో లేదో నాకు తెలియదు. అందరినీ తీసుకుపోయారు. మిగతావాళ్ళకి ఇంటివాళ్ళు వచ్చి జమానత్ ఇచ్చి విడిపించుకున్నారు. నాకోసం అప్పుడు ఎవరూ రాలేదు.

బారకులో కింద షాబాదు బండలు పరిచి ఉండేవి. మనిషి పడుకునేంత పొడుగు బండలు, మనిషికి ఒకటి. దాని మీద దుప్పటి, దాని పక్కన సత్తు గ్లాసు, తలకింద మడతపెట్టిన అంగీ. బండకీ బండకీ మధ్య సిమెంటు గీత. ఆ గీతే హద్దు. ఈ కట్టుబాటు జైలువాళ్ళు పెట్టింది కాదు, ఖైదీలు పెట్టుకున్నది. మా బారకులో సగంమంది ఒడ్డు తగాదాల్లో వచ్చినవాళ్ళు. పొలం ఒడ్డు జానెడు జరిపాడని అన్నదమ్ముడి కాలు విరగ్గొట్టినవాళ్ళు, గొడ్డలి తిప్పినవాళ్ళు. ఆ పంచాయితీని అలాగే మోసుకొచ్చి ఈ బండల మీద పరిచారు. గ్లాసు పోయినా, బీడీలు పోయినా, ఇద్దరు కొట్టుకున్నా విచారణ ఒక్కటే. ఎవరి బండ మీద జరిగింది, ఎవరు గీత దాటారు? దాటినవాడిదే తప్పు. ఎందుకు దాటాడని ఎవరూ అడగరు. వాళ్ళలో పెద్దాయన ఉండేవాడు. పటేలా అని పిలిచేవాళ్ళం. ఆయన చెప్పిందే తీర్పు.

నేను ఎలాంటివాడినో నాకు పదిహేనేళ్ళకే తెలుసు. అక్కడ అది తెలిస్తే ఏం జరుగుతుందో మొదటి వారంలోనే అర్థమైంది. అందుకని బతకడం నేర్చుకున్నాను. గొంతు బరువుగా చేసి మాట్లాడాను. గుట్కా అలవాటు చేసుకున్నాను. మాటకు ముందొకటి, వెనకొకటి తిట్టు తగిలించాను. సాయంత్రం తాళాలు వేశాక బారకులో ఒక ఆట ఆడేవాళ్ళు. బయటికి పోయాక ఎలాంటి పిల్లను చేసుకుంటారో వరసగా ఒక్కొక్కరూ చెప్పాలి. నా వంతు వచ్చేసరికి ముందు రోజు ఎవడో చెప్పింది గుర్తు తెచ్చుకుని ఒప్పజెప్పేవాడిని.

నా పక్క బండ మీద అన్న ఉండేవాడు. పేరు రాయను, అన్న అనే రాస్తాను, అప్పుడూ అలాగే పిలిచాను. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వాళ్ళది కోస్తా వైపు. తండ్రి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి క్వార్టర్సులో ఉండిపోయాడు. అన్న ఇక్కడే పుట్టాడు గానీ మాట మారలేదు. ఏదో ప్లాటు తగాదాలో ఎవరి తలో పగిలితే, ఆ సమయానికి అక్కడ నిలబడి ఉన్నందుకు లోపలికి వచ్చాడు. చేతికి పని లేకపోతే తోచదని వంటశాలలో చేరాడు. నన్నూ తీసుకుపోయి ఉల్లిగడ్డల ముందు కూర్చోబెట్టాడు. అక్కడ ఉన్నంతసేపూ ప్రాణం హాయిగా ఉండేది. అందరి వడ్డన అయ్యాక గుండిగ అడుగు గీకి, ఎర్రగా పట్టిన మాడు చెక్క విరిచి, మామిడికాయ తొక్కు రాసి నా చేతిలో పెట్టేవాడు. ఇప్పటికీ మా ఇంట్లో అన్నం మాడితే నేను సంతోషిస్తాను, మావాడు తిట్టుకుంటాడు.

కూర విషయంలో రోజూ ఒక తగాదా నడిచేది.

"గోంగూర చేశానండీ ఇవాళ" అనేవాడు అన్న.

"గోంగూర ఏందే, పుంటికూర అనరాదు?" అని వరసలోంచి ఎవడో అరిచేవాడు.

"ఏదంటే ఏముందండీ, పులుపు ఒకటేగా."

"ఉప్పు ఒకటి కాదు. మీ దిక్కు సముద్రం ఉందని మా కంచంల పోస్తవా?"

ఇలా నవ్వుకుంటూనే రెండోసారి అడిగి వేయించుకునేవాళ్ళు. అన్న వంటంటే అందరికీ ఇష్టం.

ఒకరోజు ఉల్లిగడ్డలు తరుగుతుంటే అన్న తల ఎత్తకుండా అన్నాడు. "మొన్న లారీ డ్రైవరు చెప్పిన పిల్లనే నిన్న నువ్వు చెప్పావు."

నా కత్తి ఆగిపోయింది.

"ముక్కుపుడకతో సహా చెప్పావు. ఏం ఫర్వాలేదు. కాకపోతే ఆ ముక్కుపుడక రెండో వైపుకి మార్చు. ఎవడో ఒకడు గమనిస్తాడు."

చుట్టూ చూసి మెల్లగా అడిగాను. "ఎవరికన్న చెప్తవా అన్నా?"

"చెప్పడానికి నాకేం తెలుసు? ఉల్లిపాయలు తరుగు."

అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆయనకి మేనమామ కూతురితో పెళ్ళి కుదిరి ఉంది. విడుదల కాగానే ముహూర్తం అని చెప్పి, అంగీ జేబులోంచి ఆ అమ్మాయి ఫోటో తీసి చూపించేవాడు. ఆ సాయంత్రం నుంచి ఆటలో నా వంతు వచ్చేముందు దగ్గడమో, నీళ్ళు అడగడమో చేసి మాట మళ్ళించేవాడు.

ఒక పొద్దున ములాఖాత్‌కి మా నాయన వచ్చాడు. ఇనుప జాలీకి అవతల నిలబడ్డాడు. చేతిలో పల్లీల పొట్లం ఉంది.

"కొట్లాటకు పోయినవంటే ఏమనకపోతుంటి" అన్నాడు. "ఊర్ల ఇంకో ముచ్చట అంటున్నరు. గా కంపెనీ పిలగానితోని నువ్వు... నిజమా, అబద్దమా? ఒక్కటి చెప్పు. అబద్దమంటే ఇప్పుడే పోయి జమానత్ కాయితాలు తెస్త."

అబద్ధం అని ఒక్క ముక్క అంటే ఆ రోజే బయటికి వచ్చేవాడిని. బారకులో రోజుకి పది అబద్ధాలు ఆడుతున్న నోరు, మా నాయన ముందు పెగల్లేదు.

"గట్లనా" అన్నాడాయన. పల్లీల పొట్లం అక్కడి సిపాయికి ఇచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మమ్మల్ని కాసేపు లోపల పెట్టి తాళం వేసేవాళ్ళు. అందరూ నిద్రపోయే వేళ. నేను గోడ వైపు తిరిగి, అంగీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఊపిరాడలేదు. ఆ క్షణంలో భయం, కట్టుబాటు ఏవీ గుర్తులేవు. ఇటు తిరిగి మెల్లగా అన్నాను.

"అన్నా, జెర ఇటు రా."

ఆయన నిద్రపోలేదు. ఒక్కసారి చుట్టూ చూశాడు. గీత వైపు కూడా చూశాడు, అది నాకు బాగా గుర్తుంది. తర్వాత లేచి నా బండ మీదికి వచ్చి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్నారు మీ నాన్నగారు?" అన్నాడు. చెప్పాను. "వస్తారులే. కోపం తగ్గాక వస్తారు" అన్నాడు. ఏడ్చి ఏడ్చి ఆయన మోచేతి మీద తల పెట్టి నిద్రపోయాను. నేను లేస్తానేమోనని ఆయన చెయ్యి తియ్యలేదనుకుంటాను. అలాగే ఒరిగి ఆయనకీ కన్ను పట్టింది.

గంట కొట్టారు. కళ్ళు తెరిచేసరికి బారకంతా మా చుట్టూ నిలబడి ఉంది.

ఎవడో ఈల వేశాడు. పటేలు ముందుకొచ్చి కిందికి చూశాడు, మా మొహాలు కాదు, బండ చూశాడు.

"ఇది ఎవని జాగ?"

"పిలగానిది" అన్నారు ఎవరో.

"అంటే వీడే దాటిండు" అన్నాడు అన్నను చూపిస్తూ. తర్వాత నన్ను అడిగాడు. "ఏమ్రా, వీడు నీ జాగలకు వచ్చిండా?"

వచ్చాడు. అది నిజమే. నేను పిలిస్తే వచ్చాడన్నది కూడా నిజమే. పిలిచానంటే ఎందుకు పిలిచావంటారు. మొగోడివి మొగోణ్ణి ఎందుకు పిలిచావంటారు. అక్కడి నుంచి ఆ మాట ఎటు పోతుందో, రాత్రికి నాకేమవుతుందో అంతా ఒక్కసారిగా కళ్ళముందు తిరిగింది. నేను అన్న వైపు చూడకుండా తల ఊపాను.

అన్న నా వైపు చూశాడో లేదో తెలియదు. నోరు మాత్రం విప్పలేదు.

ఆయన దుప్పటి తీసి మరుగుదొడ్డి పక్క బండ మీద పడేశారు. వాడి చేతి కూడు తినబోమని గోల చేస్తే వంటశాల పని పోయింది. పక్కజాగ అని పేరు పెట్టారు. "పక్కజాగ అన్నా, నా జాగ ఖాళీగుంది రావే" అని నీళ్ళ దగ్గర, వరసలో, ఎక్కడపడితే అక్కడ అనేవాళ్ళు. అందరితోపాటు నేనూ నవ్వాను. నన్ను మాత్రం ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. వాడి బారినపడ్డ పిలగాడు, పాపం అన్నారు. ఆటలో నా వంతు కూడా ఎత్తేశారు. నేను జైల్లోంచి చెక్కుచెదరకుండా బయటపడ్డానంటే కారణం అది. నా ధైర్యం కాదు, తెలివి అసలే కాదు.

ములాఖాత్ వరసలో ఖైదీల ఇంటివాళ్ళు మాట్లాడుకుంటారు కదా. ఆ పేరు ఆ వరసలోకి పాకింది. అన్న మేనమామ ఒకసారి వచ్చి, ఆ మాట విని, జాలీ దాకా కూడా రాకుండా వెనుదిరిగాడు. పెళ్ళి తప్పిపోయింది.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, చివరికి నాకు జమానత్ ఇచ్చాడు. వెళ్ళేరోజు మూట పట్టుకుని దొడ్డి పక్క నుంచి పోతుంటే అన్న పిలిచాడు. "బస్సులో ముందు సీట్లో కూర్చో. వెనక ఎగరేస్తుంది" అన్నాడు. నేను తల దించుకుని గేటు వైపు నడిచాను.

తర్వాత నేను తిరిగిన ప్రతి కంపెనీలో, మందు కూర్చున్న ప్రతి చోటా జైలు ముచ్చట్లు చెప్పమనేవాళ్ళు. పక్కజాగ కథ చెప్పేవాడిని. గొంతు మార్చి, "ఏంటండీ" అంటూ ఆయనలా నడిచి చూపించేవాడిని. మావాడికీ పరిచయమైన కొత్తలో అలాగే చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. తన బాయిలర్ దోస్తులకి కూడా చెప్పాడు.

ఇల్లు కడుతున్నప్పటి ఆ సాయంత్రం అసలు సంగతి విని మావాడు నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ అన్న ఇప్పుడు ఎక్కడున్నడు?"

"నీకు తెలుసు. పటాన్‌చెరులో కర్రీ పాయింట్. పప్పు మంచిగుంటదని ప్యాకెట్లు తెస్తవు చూడు."

"ఆ దుకాణం వద్దు, నూనె ఎక్కువ అంటవు... అదా?"

"అదే. బస్సులోంచి ఒకసారి చూసిన. అప్పటి నుంచి ఆ గల్లీల పోలే."

మావాడు తల పట్టుకున్నాడు. "అరే, నేను ఆ కథ ఆయనకే చెప్పిన" అన్నాడు. "దుకాణం మీద నిలబడి. ఆయన పెండ్లాం, భాభీ కూడా ఉండె. ఆయన మొత్తం విన్నడు. దాల్ కట్టి ఇచ్చిండు. బాగ చెప్తవు తమ్ముడూ అన్నడు."

మావాడు లేచి చల్లారిన టీ పారబోశాడు. తర్వాత అన్నాడు. "బండలు ఎయ్యి, టైల్స్ ఎయ్యి, నీ మర్జీ. ముందు అక్కడికి పో."

చివరికి బండలే వేశాం. ఇది రాస్తున్నది వాటి మీద కూర్చునే. ఎండాకాలంలో నిజంగానే చల్లగా ఉన్నాయి.

ఆ సంగతి చెప్పిన రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం గిరాకీ తగ్గే వేళ చూసి వెళ్ళాను. అన్న కడాయి దగ్గర ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, పొట్ట వచ్చింది. ఆయన భార్య ప్యాకెట్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తోంది.

"ఏం కావాలండీ? పప్పు, దొండకాయ ఉన్నాయి" అంది.

అన్న తల తిప్పాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. గరిట పక్కన పెట్టి, మంట తగ్గించాడు.

"పంపుల షెడ్డు నీదేనట కదా" అన్నాడు. "మీవాడు ఏదో మాటల్లో చెప్పాడు. మంచివాడు. పప్పులో ఎల్లిపాయ ఎక్కువ వెయ్యమంటాడు."

"అన్నా..." అన్నాను.

"ఇన్నేళ్ళకి వచ్చావు. కూర కోసం కాదనుకుంటాను." ఆ గొంతులో వేళాకోళం ఉంది, దాని కింద ఇంకేదో కూడా ఉంది. "కోపం లేదనుకోకు. మావయ్య వెనక్కి వెళ్ళిపోయిన రోజు నిన్ను తిట్టని తిట్టు లేదు."

"మరెందుకు చెప్పలే? వాడు పిలిస్తేనే పోయిన అని ఒక్క మాట అంటే అయిపోతుండె."

"ఏమని చెప్పను? అది చెప్తే నీ సంగతీ చెప్పాలి. ఆ సంగతి నీది, నేను చెప్పేది కాదు కదా." మూత తీసి, కూర చూసి మళ్ళీ పెట్టాడు. "తర్వాత ఈవిడతో పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఎవరికి చెప్పి ఏం చెయ్యను?"

ఆయన భార్య చేతిలో ప్యాకెట్ అలాగే ఉంది. "ఆ రోజు ఆ ఒరిస్సా ఆయన చెప్పిన కథ..." అంది మెల్లగా, అన్నను చూస్తూ. "అది మీ గురించేనా అని అడిగితే, అవును, వెళ్ళాను అన్నారు. అంతే అన్నారు. ఇంకొక్క మాట చెప్పలేదు."

అన్న బారకులో ఆ రోజు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడ్డాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఆ కథ విన్న దగ్గర్నుంచి వీళ్ళ ఇంట్లో ఒక ప్రశ్న ఉండిపోయింది. దానికి జవాబు నా దగ్గర ఉంది. ఆయన ఇప్పుడు కూడా చెప్పడు.

బయట బండి మీద ఎవడో వచ్చి "అన్నా, పప్పు ఒకటి" అన్నాడు. "ఒక్క నిమిషం ఆగండి" అంది ఆవిడ, నా మొహం మీంచి చూపు తిప్పకుండా.

నేను కౌంటరు పక్క నుంచి లోపలికి వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"వదినా, అన్న తనంతట తాను రాలే. మా నాయన నన్ను ఇడిసిపెట్టి పోయిండని ఏడ్సుకుంట నేనే పిలిచిన. జెర ఇటు రా అన్నా అని అన్న. పాపమని వచ్చి చెయ్యి పట్టుకున్నడు, గంతే. నాకు చిన్నప్పటి సంది ఆడోళ్ళ మీద మనసు పోదు. మొగోళ్ళ మీదనే పోతది. గా సంగతి అన్నకు ఎరుకే, ఎవ్వరికీ చెప్పలే. అందరు అన్నను అంటుంటే నేను నోరు మూసుకోని కూసున్న. బయటికొచ్చినంక నవ్వులాటకు చెప్పుకోని తిరిగిన. తప్పు మొత్తం నాది. అన్నా, నన్ను మాఫ్ చెయ్యి. వదినా, నువ్వు గూడ."